నిజమే రాసినాడు, నన్నడిగినాడా?

సినిమావాళ్ళ ఆత్మకథ ఏది వచ్చినా దాంట్లోంచి ముందుగా బయటికొచ్చేవి ప్రేమ వ్యవహారాల పేజీలే. ఎవరు ఎవరితో తిరిగారు, ఎవరు ఎవర్ని వదిలేశారు, పెళ్ళయ్యాక కూడా ఎవరింటికి వెళ్ళేవారు, ఇవే. మిగతా పుస్తకమంతా అలాగే ఉండిపోతుంది, ఆ నాలుగు పేజీలు మాత్రం ఫోన్లలో ఊరంతా తిరుగుతాయి. ఈమధ్య మా తిరుపతి స్నేహితుల వాట్సాప్ గ్రూపులోకి అలాంటి పేజీ ఫొటో ఒకటి వచ్చింది. దాని కింద, నేను ఎంతో గౌరవించే ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్ గారు "ఇంత నిజాయితీగా రాయాలంటే గుండె ధైర్యం కావాలి. మన తెలుగువాళ్ళకి ఆ ధైర్యం లేదు" అని రాశారు. వెంటనే అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

నాకా మాట మింగుడు పడలేదు. జవాబు రాయబోతే గ్రూపులో పట్టనంత అయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనిషి తన తప్పులు, తన మోహాలు, తను చేసిన మోసాలు ఎంత విప్పి రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. అది నిజంగా ధైర్యమే. కానీ ప్రేమ అన్నాక ఇద్దరుంటారు. ఆ రెండో మనిషిని ఒక్క మాట అడగకుండా, ఆమె పడకగదినీ ఆమె కన్నీళ్ళనీ ఆమె రాసిన ఉత్తరాలనీ అచ్చేయించడానికి ధైర్యంతో పనిలేదు. పేరూ, పబ్లిషరూ ఉంటే సరిపోతుంది. దాన్ని నిజాయితీ అని మెచ్చుకోవడం మనం మానేయాలి.

నేను తిరుపతిలో కొన్నేళ్ళుగా ఆత్మకథలకి ప్రూఫులు చూస్తున్నాను. రిటైరైన హెడ్మాస్టర్లు, తహసీల్దార్లు, డాక్టర్లు, నాటకాలు వేసినవాళ్ళు తమ జీవితాలు రాసుకుని, డీటీపీ చేయించి, ఆ కట్ట నా చేతికిస్తారు. అచ్చుతప్పులు దిద్దడం నా పని. కానీ ఒకరి జీవితం అక్షరం అక్షరం చదువుతూ కూర్చుంటే అచ్చుతప్పులే కాదు, ఇంకా చాలా కనిపిస్తాయి. చిన్నప్పటి బీదరికం, ఉద్యోగంలో పడ్డ అవమానాలు రాసినప్పుడు ప్రతివాళ్ళూ తడబడతారు, కొట్టేసి మళ్ళీ రాస్తారు. పాత ప్రేమ గురించి రాసేటప్పుడు మాత్రం చాలామంది మగవాళ్ళ కలం ఆగదు. ఆ పేజీల్లో కొట్టివేతలు ఉండవు.

ఫర్ కోటు, కొవ్వొత్తులు

2017 అక్టోబరులో హిందీ నటుడు నవాజుద్దీన్ సిద్దిఖీ ఆత్మకథ మీద జరిగిన గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. తనతో 'మిస్ లవ్లీ' సినిమాలో నటించిన నిహారికా సింగ్‌తో ఉన్న సంబంధాన్ని ఆయన పేరు పెట్టి, గది వర్ణనతో సహా రాశారు. అంతకుముందు తన జీవితంలో ఉన్న సునీతా రాజ్వార్ గురించీ పేరు పెట్టే రాశారు. ఇద్దరూ ఊరుకోలేదు. అది 2009లో కొద్ది నెలలు సాగిన సంబంధమనీ, తను ఫర్ కోటు వేసుకుని కొవ్వొత్తులు వెలిగించి మగవాణ్ణి గదిలోకి లాగినట్టు రాస్తే నవ్వొస్తోందనీ, పుస్తకం అమ్ముకోవడానికి ఒక ఆడమనిషిని అవమానించారనీ నిహారిక అన్నారు. తను పేదవాడు కాబట్టి సునీత వదిలేసిందన్నట్టు ఆయన రాస్తే, నీ పేదరికం చూసి కాదు, నీ ఆలోచనల్లోని పేదరికం చూసి వదిలేశానని ఆమె జవాబిచ్చారు. కొద్దిరోజుల్లోనే ఆయన క్షమాపణ చెప్పి పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు.

నేను ఆ రెండు జవాబులనీ చాలాసార్లు తలుచుకుంటాను. గది ఒకటే, రోజులు అవే, అయినా ఇద్దరి దగ్గరా రెండు వేరే కథలున్నాయి. రాసే అవకాశం ఒకరికి దొరికింది కాబట్టి రెండో మనిషి ఆయన కథలో ఒక పాత్ర అయిపోయింది. ఆమె ఏం కట్టుకుందో, ఎలా చూసిందో, ఎందుకు వెళ్ళిపోయిందో అన్నీ ఆయనే చెప్పేశారు. నిహారిక, సునీత ఇద్దరూ నటులు కాబట్టి, ముంబైలో పత్రికలవాళ్ళు ఫోన్ చేసి అడుగుతారు కాబట్టి, తమ మాట తాము చెప్పుకోగలిగారు. ఆ అవకాశం కూడా లేనివాళ్ళు ఏం చేయాలి?

చిత్తూరు చంద్రమతి

మా అమ్మ పుట్టిల్లు చిత్తూరు, కట్టమంచి వైపు. సెలవులకి వెళ్ళినప్పుడు మా వీధిలో ఒకామె ఉండేది. వయసులో ఉన్నప్పుడు హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషం కట్టేది. పుంగనూరు, పలమనేరు, మదనపల్లి, ఎక్కడ తిరునాళ్ళయినా ఆమె పద్యం వినడానికి జనం తెల్లవారుజాము దాకా కూర్చునేవాళ్ళని మా అవ్వ చెప్పేది. నాటకాలు మానేసి ఎన్నో ఏళ్ళయినా ఊరు ఆమెని చంద్రమతమ్మ అనే పిలిచేది. అసలు పేరు మాలో చాలామందికి తెలీదు.

ఆమె పక్కన హరిశ్చంద్రుడు కట్టినాయన తర్వాత మద్రాసు వెళ్ళి సినిమాల్లో చిన్న వేషాలు వేశాడు. మా జిల్లాలో ఆయన్ని తెలియనివాళ్ళు లేరు. డెబ్భై దాటాక ఆత్మకథ రాశాడు. పెద్ద సన్మానం చేసి, వచ్చినవాళ్ళందరికీ ఆ పుస్తకం ఉచితంగా పంచారు. అందులో ఒక అధ్యాయం ఆమె గురించి. పేరు రాయలేదు. వేషం రాశాడు, ఊరు రాశాడు, ఆమె ఎర్రరాయి ముక్కుపుడక రాశాడు, ఆమె భర్త అప్పట్లో బెంగుళూరులో పనిచేసేవాడని రాశాడు. నాటకం అయ్యాక ఎక్కడ బస చేశారో, ఆమె ఏమందో అదీ రాశాడు.

వారం తిరక్కుండా ఊరంతా తెలిసిపోయింది. కొడుకు పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టి "ఇది నువ్వేనా?" అని అడిగాడట. "నేనే" అందట. తర్వాత ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా అరుచుకోలేదు. మాటలే తగ్గిపోయాయి. ఆమె పెళ్ళిళ్ళకి పోవడం మానేసింది. వియ్యంకులు వస్తే లోపలి గదిలోనే ఉండిపోయేది.

నేను వెళ్ళి పలకరించినప్పుడు చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆ పుస్తకం సంగతి నేనెత్తలేదు, ఆమే ఎత్తింది.

"అబద్ధం రాసుంటే కొట్లాడొచ్చు పాపా. నిజమే రాసినాడు. నిజమైతే మాత్రం, నన్నడిగినాడా?"

కాసేపు గింజలు తీసి మళ్ళీ అంది. "ఆ రోజులు తలుచుకుంటే నాకు బాగుండేది. మీ మామ పోయినాక, కండ్లు కనపడనప్పుడు, రాత్రిళ్ళు తలుచుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకోలేకుండా ఉండాను. ఊరంతా చూసినాక ఇంక నాకేం మిగిలింది తలుచుకునేదానికి?"

పరువు పోయింది, ఇంట్లో ముఖం చెల్లలేదు, అది ఒక నష్టం. అది ఎవరికైనా అర్థమవుతుంది. ఆమె చెప్పింది మాత్రం నేను అంతవరకూ ఎక్కడా చదవని నష్టం. తన జ్ఞాపకం తనది కాకుండా పోయింది. ఆయన రాసిన మాటల్లోనే ఇప్పుడు అది అందరికీ తెలుసు. ఆమె దాచుకున్నట్టుగా అది ఇంకెక్కడా లేదు. అటువైపు ఆయనకేం జరిగింది? సభలో ఎవరో ఆ అధ్యాయం గురించి మాట్లాడుతూ మా హరిశ్చంద్రుడు రసికుడు కూడా అన్నారట. అందరూ నవ్వారట.

"పేరు రాయలేదు కదా" అనే మాట నేను ప్రూఫులు చూసే ప్రతిచోటా వింటుంటాను. పేరు రాయకపోతే దాచినట్టు కాదు. బ్రిటన్ రాకుమారుడు హ్యారీ 2023 జనవరిలో వచ్చిన తన ఆత్మకథలో, కుర్రతనంలో ఒక పబ్బు వెనక పొలంలో తనకంటే పెద్దామెతో జరిగింది రాశారు. పేరు రాయలేదు. బ్రిటన్, అమెరికా, కెనడా కలిపి మొదటిరోజే 14 లక్షలకి పైగా కాపీలు అమ్ముడైన పుస్తకం అది. ఆమె ఎవరా అని పత్రికలు వెతుకులాటలో పడ్డాయి. సెలబ్రిటీ కాని ఆ మామూలు మనిషి నెల తిరిగేసరికి తనే బయటికొచ్చి, అది నేనేనని చెప్పుకోవాల్సి వచ్చింది. లోకమంతా చదివే పుస్తకానికీ మా చిత్తూరు సన్మానంలో పంచిన పుస్తకానికీ ఈ విషయంలో తేడా లేదు. ఊరికీ వేషానికీ ముక్కుపుడకకీ మనిషిని పట్టిచ్చే శక్తి పేరు కంటే తక్కువేం కాదు.

మరి నోరు మూసుకోమనా?

ఇదంతా ఒక లాయరమ్మాయికి చెప్తే నన్ను నిలదీసింది. "అక్కా, నీ మాట ప్రకారమైతే ఏ ఆడదీ తన కథ రాసుకోలేదు. కొట్టిన మొగుణ్ణి 'రాయమంటారా' అని అడగాలా? వాడు సరే అంటాడా?"

ఈ ప్రశ్న నాకు బరువైనదే. నేను చెప్పే నియమాన్ని గుడ్డిగా పట్టుకుంటే ముందు నోళ్ళు మూతపడేది ఆడవాళ్ళవే. మన సాహిత్యంలో అది జరిగింది కూడా. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వెలుగులోకి తెస్తే, ఆడది రాయదగ్గ మాటలు కావన్నారు పెద్దలు. వీరేశలింగం గారంతటివారు కూడా ఆ మాటే అన్నారు. సిగ్గూ మర్యాదా ఆడవాళ్ళకేనా, మగ కవులకి లేవా అని నాగరత్నమ్మ అడిగింది. ఆ తర్వాత బ్రిటిషు ప్రభుత్వం పుస్తకాన్నే నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి ప్రకాశం పంతులు గారి కాలం దాకా ఆగాల్సి వచ్చింది. అది ఆత్మకథ కాదు, కావ్యమే. అయినా పరువు పేరుతో ఎవరి నోరు ముందు మూయిస్తారో దాంట్లో స్పష్టంగా కనిపిస్తుంది.

అమెరికా రచయిత్రి జాయిస్ మేనార్డ్ సంగతి చూడండి. 1972లో ఆమెకి 18 ఏళ్ళు, అప్పుడే కాలేజీలో చేరింది. 53 ఏళ్ళ ప్రసిద్ధ నవలాకారుడు జె.డి. శాలింజర్ ఆమెకి ఉత్తరాలు రాసి దగ్గరయ్యాడు. ఆమె చదువు మానేసి ఆయనింటికి వెళ్ళిపోయింది. కొన్ని నెలలకి ఆయన పంపించేశాడు. పాతికేళ్ళకి పైగా ఆమె దాన్ని రాయలేదు. 1998లో రాసినప్పుడు పెద్ద పెద్ద విమర్శకులు ఆమె మీదే విరుచుకుపడ్డారు, మహారచయిత ఏకాంతాన్ని అమ్ముకుందని. ఆ ఇద్దరిలో ఎవరికి ఎవరివల్ల నష్టం జరిగిందో చూడ్డానికి అప్పట్లో ఎక్కువమంది సిద్ధంగా లేరు. ఆమె శాలింజర్ అనుమతి తీసుకుని ఉండాల్సిందని నేను చచ్చినా అనను.

అమెరికా పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్ కూడా అంతే. 13 ఏళ్ళు కోర్టు పేరుతో తండ్రి అదుపులో బతికి, బయటపడ్డాక 2023లో పుస్తకం రాసింది. గాయకుడు జస్టిన్ టింబర్లేక్‌తో ఉన్న రోజుల్లో తను చేయించుకున్న అబార్షన్ గురించి అందులో చెప్పింది. జరిగింది తన ఒంటికి. ఆ మాట చెప్పడానికి ఆమె ఇంకెవర్ని అడగాలి?

కాబట్టి నేను గీసుకున్న గీత ఇది. మనకి తగిలిన దెబ్బ గురించి చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దెబ్బ కొట్టినవాడి పేరు కూడా రాయొచ్చు. కానీ ఒకరినొకరు నమ్మి, ఇష్టపడి, తలుపు వేసుకుని పంచుకున్నదాన్ని రాయాలంటే అడగాలి. ఎందుకంటే అక్కడ రెండో మనిషి ఏ తప్పూ చేయలేదు, నమ్మింది అంతే. శాలింజర్ ఆ అమ్మాయికి చేసింది మొదటి రకం. మా చంద్రమతమ్మ ఆ హరిశ్చంద్రుడికి ఏం చేసింది? ఆమె వల్ల ఆయనకి ఏ నష్టమూ జరగలేదు. ఆయన చెప్పుకోవాల్సిన గాయం ఏదీ లేదు. ఆ అధ్యాయం లేకపోతే ఆయన జీవితకథలో తగ్గేది ఒక గొప్ప మాత్రమే.

ఈ గీత ప్రతిచోటా తిన్నగా ఉండదని నాకు తెలుసు. గాంధీ గారి సత్యశోధన దగ్గర అది వంకర పోతుంది. తండ్రి పోయిన రాత్రి పదహారేళ్ళ కుర్రాడు, తండ్రి కాళ్ళు పిసికే పని చిన్నాన్నకి అప్పగించి భార్య దగ్గరికి వెళ్ళాడు. కొద్ది నిమిషాలకే నౌకరు వచ్చి తలుపు కొట్టాడు. అప్పుడామె గర్భవతి. ఆ బిడ్డ పుట్టి మూడు నాలుగు రోజులు కూడా బతకలేదని ఆయనే రాశారు. తన మీద తాను జాలి చూపించుకోకుండా అలా రాయడం నేనింకెక్కడా చూడలేదు. మెప్పు కోసం రాసింది కాదది. కానీ ఆ గదిలో కస్తూర్బా కూడా ఉంది. ఆ గర్భం ఆమెది, పోయిన బిడ్డ ఆమెది. ఆమెని అడిగి రాసినట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. సరిగ్గా చదవడం, రాయడం రాని ఆ తల్లి వైపు నుంచి ఆ రాత్రి గురించి మనకి ఒక్క వాక్యమూ లేదు. ఆ అధ్యాయం పుస్తకంలో లేకుండా ఉంటే బాగుండేదా అంటే, లేదు, అది ఉండాల్సిందే అంటాను. ఆయన ముందుగా ఆమెని అడిగి ఉండాల్సిందా అంటే, ఉండాల్సిందే అనీ అంటాను. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో నాకింకా తేలలేదు.

నీలం ఇన్‌లాండ్ లెటరు

ఇక నా బల్ల మీద జరిగింది ఒకటి చెప్తాను. మంచి హోదాలో రిటైరైన ఒక పెద్దాయన ఆత్మకథ ఆ మధ్య నా దగ్గరికి వచ్చింది. మంచి భాష, మంచి జ్ఞాపకశక్తి. 70ల్లో ఎస్వీ యూనివర్సిటీ ఎలా ఉండేదో, హాస్టల్లో అన్నం ఎలా ఉండేదో, పరీక్షల ముందు అలిపిరి దాకా నడుచుకుంటూ ఎలా చదివేవాళ్ళో చదువుతుంటే కళ్ళకి కట్టినట్టుంది. మధ్యలో ఒక ఉత్తరం వచ్చింది. ఆయన క్లాస్‌మేట్ ఒకమ్మాయి సెలవుల్లో తన ఊరి నుంచి రాసిన ఇన్‌లాండ్ లెటరు. దాన్ని ఉన్నదున్నట్టు టైపు చేయించారు. అంతటితో ఆగకుండా అసలు ఉత్తరాన్ని స్కాన్ చేసి ఫొటో పేజీల్లో వేయమన్నారు. నీలం కాగితం మడతల దగ్గర చిరిగింది. అక్షరాలు గుండ్రంగా, చివరికొచ్చేసరికి చోటు చాలక సన్నబడి అంచులు పట్టుకుని పక్కకి తిరిగాయి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారనీ, తనకి భయంగా ఉందనీ, నువ్వేదైనా చెప్తావని ఎదురుచూస్తున్నాననీ రాసింది. కింద పూర్తి పేరుతో సంతకం.

"ఆవిణ్ణి అడిగారా సార్?" అన్నాను.

"ఎక్కడుందో ఏమో. యాభై ఏళ్ళు దాటిపోయిందమ్మా. ఇప్పుడెవరికి పట్టింది?"

"ఆవిడకి పట్టదా?"

ఆయనకి కోపం వచ్చింది. ఉత్తరం నాకు రాసింది, నాది అన్నారు. చట్టం అలా అనదు. అందుకున్నవాళ్ళది కాగితం మాత్రమే. అందులోని రాత మీద హక్కు రాసినవాళ్ళది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు మనిషి బతికున్నంత కాలమే కాదు, పోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది. ఇందాక చెప్పిన శాలింజర్ ఉత్తరాల్లోంచి ఒక జీవితచరిత్ర రచయిత వాక్యాలు వాడుకోబోతే 1987లో అమెరికా అప్పీళ్ళ కోర్టు అడ్డుకున్నది ఇందుకే. మేనార్డ్ కూడా శాలింజర్ తనకి రాసిన ఉత్తరాలని పుస్తకంలో అచ్చేయలేకపోయింది. 1999లో వేలానికి పెట్టి అమ్ముకోగలిగింది, కాగితం ఆమెది కాబట్టి. కొన్నాయన వాటిని శాలింజర్‌కే తిరిగిచ్చేస్తానన్నాడు. ఇదంతా ఆ పెద్దాయనకి వివరంగా చెప్పాను. కానీ నా మనసులో ఉన్నది చట్టం కాదు. ఇరవై ఏళ్ళ పిల్ల భయపడుతూ ఒకే ఒక్క మనిషికి రాసుకున్న మాటలవి. ఆ మనిషి జవాబివ్వలేదు. ఆ మాట ఆయన పుస్తకంలో లేదు, నేను గుచ్చి అడిగితే చెప్పారు. అచ్చేయించాల్సిన సిగ్గు ఏదైనా ఉంటే అదీ. అది మాత్రం రాయలేదు.

ఆయన ఆ కట్ట తీసుకుని ఇంకో చోటికి వెళ్ళిపోయారు. పుస్తకం వచ్చింది. ఉత్తరం ఉంది, సంతకంతో సహా.

కోర్టు ఏమంది, నేనేమంటున్నాను

ఆత్మకథల మీద మన సుప్రీంకోర్టు ఇచ్చిన ముఖ్యమైన తీర్పు ఒకటుంది. వరస హత్యల కేసులో ఉరిశిక్ష పడ్డ ఆటో శంకర్ జైల్లో కూర్చుని రాసుకున్న జీవితకథని మద్రాసులో నక్కీరన్ అనే తమిళ పత్రిక వేయబోతే జైళ్ళ శాఖ అధికారులు అడ్డుపడ్డారు. ఆ కేసులో 1994 అక్టోబరులో తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ జీవన్ రెడ్డి. తన కుటుంబం, పెళ్ళి, మాతృత్వం వంటి విషయాల్లో ఎవరి ఏకాంతం వారిదనీ, వారి అనుమతి లేకుండా వాటి గురించి ప్రచురించకూడదనీ, రాసింది నిజమైనా కాకపోయినా, పొగడ్త అయినా విమర్శ అయినా ఇదే వర్తిస్తుందనీ అందులో ఉంది. పబ్లిక్ రికార్డుల్లో ఉన్నదానికీ, అధికారుల ఉద్యోగ నిర్వహణకీ మినహాయింపు ఇచ్చారు. ప్రభుత్వం ముందుగానే ప్రచురణని ఆపకూడదనీ చెప్పారు. 'నిజమైనా కాకపోయినా' అన్న చోట నేను చాలాసేపు ఆగిపోయాను. నిజమే రాసినాడు, నన్నడిగినాడా అని చాప మీద కూర్చుని చంద్రమతమ్మ అన్నదీ, ఢిల్లీలో న్యాయమూర్తి రాసిందీ ఒకటే.

అలాగని కోర్టులకెళ్ళి పుస్తకాలు ఆపించాలని నేను కోరుకోవడం లేదు. ఆ దారి డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళకే పనికొస్తుంది. కుష్వంత్ సింగ్ ఆత్మకథ మీద మేనకా గాంధీ 1995లో స్టే తెచ్చుకుంటే, 2001లో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఎత్తేసేదాకా పుస్తకం ఆగిపోయింది. 2002లో గానీ బయటికి రాలేదు. చంద్రమతమ్మ ఏ కోర్టుకి వెళ్తుంది? వెళ్ళినా, తెలియనివాళ్ళకి కూడా అక్కడ తెలిసిపోతుంది. నిషేధాలు మొదలైతే నాగరత్నమ్మ లాంటివాళ్ళే ముందు బలవుతారు.

నేనడిగేది చాలా చిన్న పని. రాసేవాళ్ళు ఆ అధ్యాయాన్ని ప్రెస్సుకి పంపే ముందు ఆ మనిషికి చూపించాలి. పబ్లిషర్లు ఆ ఒక్క ప్రశ్నా అడగాలి. పొలం సర్వే నంబరు తప్పు పడుతుందేమోనని పదిసార్లు సరిచూసుకునే మనుషులే, ఒకామె జీవితాన్ని ఒక్కసారి కూడా సరిచూసుకోకుండా అచ్చుకి పంపేస్తున్నారు. సంపాదకులకి కూడా ఇందులో బాధ్యత ఉంది. ప్రేమ అధ్యాయం లేకపోతే పుస్తకం కదలదని రచయితని ఎగదోసేది చాలాసార్లు వాళ్ళే. ఇక మనం, చదివేవాళ్ళం. ఫొటో తీసి గ్రూపులో పెట్టే ముందు ఆ పేజీలో ఇంకో మనిషి కూడా ఉందని గుర్తు పెట్టుకోవాలి. లెక్చరర్ గారికి నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆ రచయిత ఆ పేజీలో తన గురించి రాసుకున్నదెంత, ఆమె గురించి రాసిందెంత అని ఒకసారి వేరు చేసి చదవండి సార్. మీరు మెచ్చుకున్న ధైర్యం ఎవరి ఖర్చుతో వచ్చిందో మీకే తెలుస్తుంది.

చనిపోయినవాళ్ళ మాట

ఒక చిక్కు మిగిలే ఉంది. అడుగుదామంటే ఆ మనిషే లేకపోతే? చట్టం చేతులెత్తేసింది. జయలలిత జీవితం మీద తీసిన సినిమా కేసులో, మనిషితో పాటే ప్రైవసీ హక్కూ పోతుందని మద్రాసు హైకోర్టు 2021లో చెప్పింది. మనుషులు మాత్రం అలా వదిలేయలేరు. 2018లో సావిత్రి గారి జీవితం సినిమాగా వచ్చినప్పుడు ఆమె కూతురు దాని వెనక నిలబడ్డారు. జెమినీ గణేశన్ గారి మొదటి భార్య కూతురు మాత్రం మా నాన్నని ఇలా చూపించడం అన్యాయమని బాధపడ్డారు. ఇద్దరికీ తండ్రి ఒక్కరే. ఎవరి మాట కొట్టేయగలం?

ఇప్పుడు నా దగ్గర శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చిన ఒక రాతప్రతి ఉంది. రాసినాయన స్కూలు మాస్టరు. భార్య పోయి కొన్నాళ్ళయింది. పెళ్ళికి ముందు తను ఒకర్ని ఇష్టపడ్డానని ఆమె పెళ్ళయిన కొత్తల్లోనే ఆయనకి చెప్పిందట. ఆ రాత్రి గురించి, మొదట తనకి వచ్చిన కోపం గురించి, తర్వాత ఆ కోపానికి తనే ఎంత సిగ్గుపడ్డాడో దాని గురించి రాశారు. నేను చదివిన ప్రేమ అధ్యాయాల్లో ఇంత మంచిది లేదు. అయినా అడిగాను. "మీ అమ్మాయికి చూపించండి మాస్టారూ" అన్నాను.

ఆయన చూపించారు. ఆ అమ్మాయి రెండు రోజులు ఉంచుకుని, నాకు ఫోన్ చేసింది. "అమ్మ ఇది నాకెప్పుడూ చెప్పలేదు ఆంటీ. కానీ నాన్న రాసినట్టే ఉండనీయండి. ఒక్కటి మాత్రం తీసేయండి. అమ్మ ఇష్టపడ్డాయన బ్యాంకులో పనిచేసేవాడని, ఫలానా ఊరని రాశారు. ఆయన ఇంకా ఉన్నారు. మనవళ్ళు కూడా ఉన్నారు. ఆయన్ని మనం అడగలేదు కదా."

ఊరి పేరూ, ఉద్యోగమూ తీసేశాం. అధ్యాయంలో ఇంకేమీ మారలేదు. ఈ వారం చివరి ప్రూఫు చూసి ప్రెస్సుకి పంపుతున్నాను.